రెండు కుక్కలతో మహబూబ్‌నగర్ నుంచి డెహ్రాడూన్‌కు కారు ప్రయాణం: సలహాలు కావాలి

అందరికీ నమస్కారం. నవంబరులో మా అమ్మాయి ఉండే డెహ్రాడూన్‌కు మకాం మారుస్తున్నాము. దాదాపు 1,900 కిలోమీటర్ల దూరం. తొమ్మిదేళ్ల మా ఊరకుక్క గౌరినీ, మూడేళ్ల లాబ్రడార్ సోనూనూ వదిలి వెళ్లే ఆలోచనే లేదు కనుక, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఆదిలాబాద్, సివనీ, ఝాన్సీ, ఢిల్లీలలో రాత్రిళ్లు ఆగుతూ ఐదు రోజుల్లో చేరాలనుకుంటున్నాము.

సోనూతో ఇబ్బంది లేదు. నా దిగులంతా గౌరి గురించే. పోయిన నెల అలవాటు చేద్దామని ఆలంపురం దాకా తీసుకెళ్తే, కొత్తకోట దాటకముందే చొంగ కార్చి, ఒళ్లంతా వణికి, సీటు మీద పరిచిన పాత దుప్పటిపై రెండుసార్లు వాంతి చేసుకుంది. పైగా తెలియని చోట గొలుసు పట్టుకుని ఎంత తిప్పినా మూత్రానికి కూర్చోక, ఇంటికి వచ్చాక పెరట్లోని వేపచెట్టు కిందకే పరుగెత్తింది.

బయలుదేరడానికి ఎన్ని గంటల ముందు తిండి ఆపాలి? వాంతులు ఆగే మాత్రను పశువైద్యుని సలహాతో ఐదు రోజులూ వరుసగా వాడినవారు ఉన్నారా? కొత్త చోట మూత్రానికి ఎలా అలవాటు చేశారు? రేబిస్ టీకా పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. సివనీ, ఝాన్సీలలో కుక్కలను గదిలోకే రానిచ్చే బసలు మీరు స్వయంగా దిగినవైతే దయచేసి చెప్పండి. రాత్రిపూట వాటిని బయట కట్టేయమంటే మాకు కుదరదు.