విడిపోయాక ఆ పాటలకి ఆమే బేస్ వాయించాలా?

పాత క్యాసెట్టు:
సూపర్‌చంక్ వాళ్ల 'ఫూలిష్' (1994) రాత్రి మళ్లీ విన్నాను. అమెరికాలో చాపెల్ హిల్ అనే ఊరి బ్యాండు. పాటలు రాసి పాడేది మ్యాక్ మెకాన్, అప్పట్లో బేస్ గిటార్ వాయించింది లారా బాలెన్స్. ఇద్దరూ ప్రేమించుకుని విడిపోయారు. ఆ వెంటనే వచ్చిన ఆల్బమ్ ఇది. పన్నెండు పాటల్లో చాలావాటిలో ఆ బాధే వినిపిస్తుంది. ఆ పాటలకి ఆమే అతని పక్కన నిలబడి ఊరూరా బేస్ వాయించాలంటే ఎంత నరకం! ఇది అన్యాయమనే నా అభిప్రాయం. మీరేమంటారు?

వానాకాలం:
మరి అతను ఏం రాయాలండీ? మనసులో ఉన్నదే కదా పాటయ్యేది. ఫ్లీట్‌వుడ్ మాక్ 'రూమర్స్' (1977) ఆల్బమ్ చేసినప్పుడు ఆ బ్యాండులోనూ జంటలు విడిపోతున్నాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టరే!

పాత క్యాసెట్టు:
అక్కడే తేడా ఉందండీ. అందులో విడిపోయిన జంట లిండ్సీ, స్టీవీ. లిండ్సీ 'గో యువర్ ఓన్ వే' పాట రాస్తే స్టీవీ 'డ్రీమ్స్' రాసింది. మాటకి మాట. ఇక్కడ మాటలన్నీ మ్యాక్‌వే. లారాకి జవాబు చెప్పే వీలేదీ?

నాలుగు తీగలు:
నేను కాలేజీ రోజుల్లో బేస్ వాయించేవాణ్ని. మా సింగర్‌కీ నాకూ మాటల్లేని రోజుల్లో అతను ఆ గొడవ మీదే ఒక పాట కట్టాడు. మొదటి రిహార్సల్లో చెమటకి వేళ్లు తీగ మీద నిలవలేదు. మూడోసారికి నాకొకటి అర్థమైంది. నేను కాస్త వెనక్కి లాగితే అతని గొంతూ ఆగాల్సిందే. మాట అతనిదే, నడక మాత్రం నాది. 'ఫూలిష్'లోని 'లైక్ ఎ ఫూల్' పాట హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. లారా తలవంచుకుని వాయిస్తున్నట్టు నాకు ఎక్కడా అనిపించలేదు. పైగా ఆ ఆల్బమ్ అట్ట మీది బొమ్మ ఆమె వేసిందే. జవాబు మాటల్లోనే ఉండాలా?

వానాకాలం:
బాగా చెప్పారు.

పాత క్యాసెట్టు:
మీ అనుభవం మనసుకి తాకింది. కానీ 1989లో మర్జ్ రికార్డ్స్ అనే మ్యూజిక్ కంపెనీ పెట్టింది మ్యాక్, లారా ఇద్దరే కదా. మ్యాటడార్ అనే వేరే కంపెనీ నుంచి బయటికొచ్చి ఈ సొంత లేబుల్ మీద తెచ్చిన తొలి స్టూడియో ఆల్బమ్ ఇదే. బ్యాండు వదిలితే కంపెనీ ఏమవుతుందో అన్న టెన్షన్ ఉండదా? ఇష్టపడి ఉండటం వేరు, తప్పక ఉండటం వేరు.

నాలుగు తీగలు:
తప్పక ఉన్న మనిషి ఒకటి రెండేళ్లు ఉంటుందండీ. లారా 2013 దాకా టూర్లు చేసింది. ఆపింది కూడా చెవుల సమస్య వల్ల. ఈలోగా ఇద్దరూ కలిసే మర్జ్ మీద ఆర్కేడ్ ఫైర్ బ్యాండు ఆల్బమ్ 'ఫ్యూనరల్' (2004) లాంటివి జనంలోకి తెచ్చారు. దీన్ని మీరు బలవంతం అంటే నేను ఒప్పుకోలేను.

పాత క్యాసెట్టు:
2013 సంగతి ఒప్పుకుంటాను. నేను అడుగుతున్నది 1994 గురించి. ఆ ఏడాది స్టేజీ మీద ఆ రెండు మైకుల మధ్య దూరం గురించి.