సౌరజ్వాల కనిపించిన ఎంతసేపటికి ప్రోటాన్లు బయలుదేరాయో ఒక్క నౌక కొలతలతో తేల్చవచ్చా?

ప్రశ్న:
సూర్యుడి నుంచి వచ్చే అధికశక్తి కణాల గురించి, సూర్యుణ్ణి గమనించే సోహో అంతరిక్ష నౌక కొలతలతో నేర్చుకుంటున్నాను. నేను తీసుకున్న సంఘటనలో జ్వాల వెలుగు కనిపించిన 35 నిమిషాలకు 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (క్లుప్తంగా మెగా వోల్టులు అంటాను) శక్తి గల ప్రోటాన్ల సంఖ్యను చూపే గీత పైకి లేచింది. 10 మెగా వోల్టులది 80 నిమిషాలకు, ఒకటిన్నర మెగా వోల్టులది మూడున్నర గంటలకు కదిలింది. ఇవన్నీ ఒకేసారి బయలుదేరినవేనా? జ్వాలే వీటికి మూలమనుకోవచ్చా?

జవాబు 1:
మొదటి రెండూ ఒకేసారి బయలుదేరినట్టే ఉన్నాయండీ. కణాలు వెంబడించే సూర్యుడి అయస్కాంత క్షేత్ర రేఖలు సర్పిలంగా వంగి ఉంటాయి కాబట్టి కణాలు నడిచే దారి సూర్యుడికీ భూమికీ మధ్య దూరానికి సుమారు 1.2 రెట్లు ఉంటుంది. 100 మెగా వోల్టుల ప్రోటాన్ కాంతి వేగంలో 43 శాతంతో ఆ దారిని 23 నిమిషాల్లో దాటుతుంది. 10 మెగా వోల్టులదానికి 69 నిమిషాలు పడుతుంది. వెలుగు మనకు చేరడానికి పట్టే 8 నిమిషాలు కలిపి లెక్కిస్తే, రెండూ జ్వాల తరువాత 20 నిమిషాలకు బయలుదేరాయని వస్తుంది. ఒకటిన్నర మెగా వోల్టుల ప్రోటాన్‌కు ప్రయాణం 177 నిమిషాలు కాబట్టి అది మాత్రం 40 నిమిషాలు చూపిస్తోంది. పాత సంఘటన తాలూకు కణాలు మిగిలి ఉంటే కొత్తవాటి ఆరంభం వాటి కింద మరుగునపడుతుంది. ముందు అది చూడండి. మధ్యలోని ఛానళ్లను (వేర్వేరు శక్తుల కొలతలను) కూడా చేర్చి, వేగపు విలోమాన్ని అడ్డంగా, ఆరంభ సమయాన్ని నిలువుగా గీస్తే, వాలు దారి పొడవునూ, నిలువు అక్షాన్ని తాకే చోటు బయలుదేరిన సమయాన్నీ ఇస్తాయి. దారి మరీ పొడవుగా వస్తే కణాలు మధ్యలో చెదిరాయని అనుమానించాలి.

జవాబు 2:
ఆ 20 నిమిషాల ఆలస్యమే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. సెకనుకు 1,500 కిలోమీటర్ల వేగంతో సాగే కరోనల్ మాస్ ఎజెక్షన్ (సూర్యుడు విసిరే భారీ ప్లాస్మా మేఘం) ఆలోగా 18 లక్షల కిలోమీటర్లు, అంటే సూర్యుడి వ్యాసార్ధానికి రెండున్నర రెట్లు పోతుంది. దాని ముందున్న ఆఘాత తరంగం ప్రోటాన్లను తరిమి ఉండవచ్చు. అయితే సమయం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. సౌర పవనంలో సుమారు రెండు వేల హీలియం-4 కేంద్రకాలకు ఒక్కటిగా ఉండే హీలియం-3, జ్వాల నుంచి నేరుగా వచ్చిన కణాల్లో కొన్నిసార్లు దాదాపు సమానంగా ఉంటుంది. సౌర కణాలను కొలిచే ఏస్ నౌక సమాచారంలో ఆ నిష్పత్తి చూడండి. రెండో నౌక సాక్ష్యం దొరికితే ఇంకా మంచిది: 2011 నవంబరు 3న సూర్యుడి చుట్టూ వందేసి డిగ్రీలకు పైగా ఎడంగా ఉన్న, సూర్యుణ్ణి గమనించే రెండు స్టీరియో నౌకలూ, భూమి దగ్గరి నౌకలూ ఒకే సంఘటన కణాలను పట్టుకున్నాయి. ఒక్క చోటి నుంచే చూసి ఉంటే అవి అంత విస్తారంగా పరుచుకున్నాయని తెలిసేదే కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకటిన్నర మెగా వోల్టుల గీత నిజంగానే ముందురోజు నుంచీ ఎత్తులోనే ఉంది, దాన్ని వదిలేశాను. మిగిలిన ఛానళ్లతో దారి 1.25 రెట్లు వచ్చింది. సోహో కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని కప్పి చుట్టూ ఉన్న కరోనాను చూపే కెమెరా) చిత్రాల్లో కణాలు తాకిన తెల్ల చుక్కలు కూడా 100 మెగా వోల్టుల గీత లేచిన సమయానికే మొదలయ్యాయి. హీలియం నిష్పత్తికి సంఘటన మొత్తం సగటు తీసుకోవాలా, తొలి గంటలవే చాలునా?

జవాబు 2:
రెండూ విడివిడిగా తీయండి. తొలి గంటల్లో హీలియం-3 ఎక్కువగా ఉండి తరువాత తగ్గితే, జ్వాల కణాలూ ఆఘాత తరంగపు కణాలూ కలిసి వచ్చి ఉండవచ్చు.