అప్‌డేట్: నల్ల హెన్నాతో తల దురద – కారణం తెలిసింది

నల్ల హెన్నా పెట్టుకున్నాక తల దురద, చెవుల వెనక దద్దుర్లు వచ్చాయని పోయిన నెల అడిగాను కదా. చర్మ డాక్టర్‌ ప్యాచ్ టెస్ట్ (ఏది పడదో చర్మం మీద పెట్టి చూసే పరీక్ష) చేశారు. పీపీడీ అనే రంగు రసాయనం నాకు పడదట. ప్యాకెట్ మీద మాత్రం ‘నేచురల్’ అనే ఉంది! అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, దానంతటది నల్లబడదు.

ఇప్పుడు బేగంబజార్‌ నుంచి గోరింటాకు పొడి, రంగు ముదరడానికి నీలి ఆకు (ఇండిగో) పొడి విడివిడిగా తెచ్చుకున్నాను. మోచేతి మడతలో రాసి 2 రోజులు ఆగాకే తలకు పెట్టాను. ముందు గోరింటాకు, కడిగాక నీలి పొడి. నీలి పొడి నీళ్లలో కలిపిన 10–15 నిమిషాల్లో పెట్టేయాలి, ఆలస్యమైతే రంగు సరిగ్గా పట్టదు. ముదురు గోధుమ రంగు వచ్చింది, నాకది చాలు. దురద లేదు. వెంటనే డాక్టర్‌కి చూపించమని పట్టుబట్టిన అక్కా, చాలా థాంక్స్.