శాయరా? సేయరా? డింభకా!

పాతరీలు:
మూడు రోజుల్నుంచి ఒక్క డైలాగు బుర్రలో గింగిరాలు తిరుగుతోంది. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడిది, మన ఎస్వీ రంగారావు గారిది. "సాహసం శాయరా డింభకా" వరకూ ఎవర్ని లేపి అడిగినా చెప్తారు. ఆ తర్వాతి ముక్క ఏమిటి? మా అమ్మ "రాకుమారి లభించునురా" అంటుంది. మా బాబాయి "రాజకుమారి దొరుకుతుందిరా" అని పందెం కాస్తున్నాడు. నేను సినిమా కంటే ముందు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రంగా విన్నాను, నా చెవిలో మాత్రం "వరించునురా" అని ఉండిపోయింది. ముగ్గురికీ మూడు. సరైన మాట తెలిసినవాళ్ళు చెప్పండి. పనిలో పనిగా రంగారావు గారి పాత్రల్లో మీకు ప్రాణమైనవి కూడా రాయండి, ఆదివారం ఇంటిల్లిపాదీ కూచుని ఒకటి చూద్దామనుకుంటున్నాం.

అరసున్న:
రెండో సగం సంగతి తర్వాత చూద్దాం, మొదటి సగమే తప్పు రాశారండీ. శాయరా కాదు, సేయరా. ఈ సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు నాటకాల్లో చెయ్యి తిరిగి సినిమాలకి వచ్చిన మనిషి, వింధ్యరాణి రాసినాయన. ఆయనకి గసడదవలు ఇంకొకరు చెప్పాలా? సాహసము, చేయరా. రెండూ కలిస్తే ప్రథమ మీది చకారానికి సకారం వచ్చి సాహసము సేయరా అవుతుంది. ఈ శ ఎక్కడినుంచి ఊడిపడింది? పోస్టర్ల మీదా టీషర్టుల మీదా "శాయరా" అని వేసి వేసి అదే ఖాయం చేసేశారు.

చంపకం:
అరసున్న గారూ, సూత్రం బాగానే ఉంది గానీ అక్కడ ప్రథమ ఎక్కడుందండీ? సాహసాన్ని చెయ్యమంటున్నాడు, అది కర్మ. ద్వితీయ అంటే చివర ద్రుతం, అంటే నకారం. ద్రుతం మీద సరళాదేశం, అంటే కచటతపలు గజడదబలవుతాయి. అలా చూస్తే మాంత్రికుడు "సాహసముం జేయరా" అనాలి. దీనికి ఉదాహరణ రంగారావు గారి ఇంకో పాత్ర, కీచకుడి దగ్గరే ఉంది. విరాటపర్వంలో తిక్కన గారి ద్రౌపది "దుర్వారోద్యమ" పద్యం చివర ఏమంటుంది? "తథ్యం బెమ్మెయిం గీచకా" అంటుంది. ఎమ్మెయిన్‌లో నకారం తగిలేసరికి కీచకుడు కాస్తా గీచకుడైపోయాడు. ఆ పద్యం ఒకసారి గొంతెత్తి చదివి చూడండి. నాలుగు పాదాలూ మత్పతుల్, గంధర్వుల్ అంటూ ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి చివర ఆ "గీ" మీద దెబ్బ పడుతుంది. అక్కడ "కీచకా" అని ఉంటే సగం బలం పోయేది. తిక్కన గారికి సంధి కూడా ఆయుధమే.

అరసున్న:
తిక్కన దగ్గరికి వెళ్తే నాకూ ఇంకేమీ గుర్తుండదు గానీ, ఇది మాత్రం ఒప్పుకోను. జడాలకు ద్వితీయ బదులు ప్రథమ వస్తుంది. పుస్తకము చదివెను, అన్నము తినెను అంటామా లేదా? సాహసం జడమే. అందుకే సాహసము సేయరా. నేను చెప్పిందే.

నల్లరేగడి:
అయ్యా, మీరిద్దరూ బాలవ్యాకరణంలోంచి బయటికి రండి. అది వాడుకలో ఉన్న రూపం. "శాయశక్తులా ప్రయత్నించాను" అని రోజూ అంటాం కదా, అందులో "శాయ" ఏమిటనుకుంటున్నారు? చేయగల శక్తి, చేయ శక్తి, అదే శాయశక్తి. ఆ మాట దిద్దాలని ఎవరికీ అనిపించలేదే మరి! మా తాతయ్య రాసిన కార్డులు ఇంకా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఒక దాంట్లో నీలం సిరా, అంచు దాకా ఇరికించి రాసి చివర "తమరు శ్రమ అనుకోక ఒకసారి దయ శాయవలెను" అని ఉంది. ఆయన చదువుకోని మనిషి కాదు, కరణీకం చేసినాయన. పెద్దమనిషి తరహాలో గంభీరంగా పిలవాలంటే ఆ తరానికి శాయవలెనే వచ్చేది. మాంత్రికుడికి కావలసిందీ ఆ గాంభీర్యమే. కావ్యభాష అయితే "సేయుమురా" అనేవాడు. "రా" అని ఏకవచనంలో పిలుస్తూ గ్రాంథికం మాట్లాడతాడా?

అరసున్న:
ఎందుకు మాట్లాడడండీ, "లభించునురా" అనలేదా?

పాతరీలు:
అంటే లభించునురా అనేది ఖాయమా? మా అమ్మకి చెప్పెయ్యనా?

అరసున్న:
ఖాయమని అనలేదు. ఉదాహరణకి చెప్పాను.

కంచుగొంతు:
మీరంతా కాగితం మీద కొట్టుకుంటున్నారు. అది కాగితం మీద చదివిన మాట కాదు, చెవితో విన్న మాట. అసలు అక్కడ పలికింది "శా" కాదు, "సే" కాదు. చిన్న పరీక్ష చెప్తాను. గడ్డం కింద బొటనవేలు పెట్టుకుని "మేలు" అనండి, తర్వాత "మేడ" అనండి. రెండోసారి దవడ కిందికి జారుతుంది. రాతలో రెంటికీ ఒకటే ఏత్వం, నోట్లో మాత్రం రెండు వేర్వేరు అచ్చులు. పక్క అక్షరంలో అకారం ఉంటే మన ఏత్వం విచ్చుకుంటుంది. "చేసి"లో ఉన్న ఏత్వం "చేశాడు"లో ఉండదు, చూసుకోండి. ఆ విచ్చుకున్న అచ్చుకి తెలుగులో వేరే గుర్తు లేదు. "చేయరా"లో పలికేది అదే అచ్చు. దాన్ని రాయమంటే ఒకాయన ఏత్వం పెడతాడు, ఇంకొకాయన దీర్ఘం ఇస్తాడు. నల్లరేగడి గారి తాతయ్య గారు "శాయ" అని రాసినా, అరసున్న గారు "సేయ" అని రాసినా ఇద్దరి నోట్లోనూ ఉన్నది ఒకే శబ్దం. మిగిలింది హల్లు. స, శ మధ్య ఎక్కడో పలికారని నా చెవి చెప్తోంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఓ పదిసార్లు విని ఉంటాను, విన్న ప్రతిసారీ ఆ ముందరి "సాహసం" మీదికే మనసు పోయింది. అందులో హకారం చూడండి, ఎంత ఊపిరి వదిలారో! మనం "సాసం" అని మింగేసే మాట అది.

చంపకం:
కంచుగొంతు గారి మాటతో నేను ఏకీభవిస్తాను, హల్లు తప్ప. హల్లు శకారమే. సాహసంలో దంత్య సకారం రెండుసార్లు వచ్చాక మూడోది కూడా "స" అయితే చెవికి చప్పగా ఉంటుంది. పింగళి గారు అలా చప్పగా వదిలే మనిషి కాదు. అదే సినిమాలో "ఎంత ఘాటు ప్రేమయో" అన్నారు. ఘాటు అనేది మిరపకాయకీ పొగాకుకీ వాడే మాట, దాన్ని తెచ్చి ప్రేమ పక్కన కూచోబెట్టారు. ముందు ముక్కున వేలేసుకున్నవాళ్ళే తర్వాత పాడుకున్నారు. మాయాబజార్‌లో "తస్మదీయులు" సంగతీ అంతే. సంస్కృతంలో అస్మదీయ ఉంది, యుష్మదీయ ఉంది, తదీయ ఉంది. తస్మదీయ మాత్రం లేదు. "అస్మ"కి ఎదురుగా "తస్మ" నిలబెట్టి ఒక్క అక్షరంతో శత్రుపక్షాన్ని పుట్టించారు. ఇవాళ రాజకీయ నాయకులు కూడా వాడుతున్నారు ఆ మాట, అది నిఘంటువు మాట కాదు పింగళి గారి మాట అని ఎంతమందికి తెలుసు? మాటలు పుట్టించే మనిషి రాసిన సినిమాలో మాటకి గసడదవలతో తూకం వెయ్యడం నాకు నచ్చదు.

నల్లరేగడి:
అదీ మాట.

అరసున్న:
వ్యాకరణం తెలిసినవాడే మాట పుట్టించగలడు చంపకం గారూ. "అస్మత్" తెలియనివాడికి "తస్మత్" తట్టదు. సరే, హల్లుని పక్కన పెడదాం. "డింభకా" అన్న చోట భకారానికి ఒత్తు పలికారా లేదా? ఇప్పుడంతా "డింబకా" అని రాసేస్తున్నారు. డింబం అంటే గుడ్డు. డింభం అంటే పిల్ల. ఒత్తు పోతే మాంత్రికుడు కథానాయకుడు తోటరాముణ్ణి గుడ్డూ అని పిలిచినట్టవుతుంది.

కంచుగొంతు:
ఒత్తు ఉంది. స్పష్టంగా ఉంది. అది ఉండటం వల్లే ఆ మాట అంత బరువుగా పడింది.

చంపకం:
డింభక దగ్గర నాకొక ఆలోచన ఉంది, చాలా ఏళ్ళుగా మనసులో ఉన్నది, ఇక్కడ చెప్పుకోవచ్చు. అందరూ దీన్ని "కుర్రాడా" అని సరిపెట్టుకుంటారు. అమరకోశంలో "పోతః పాకోఽర్భకో డింభః" అని వచ్చేది ఎక్కడో చూడండి. మనుష్యవర్గంలో కాదు, సింహాదివర్గంలో, జంతువుల మధ్య. అంటే ముందు జంతువు పిల్ల, ఆ తర్వాతే మనిషి పిల్ల. ఇప్పుడు కథ గుర్తు తెచ్చుకోండి. మాంత్రికుడికి రాముడు ఎందుకు కావాలి? పాతాళభైరవికి బలివ్వడానికి. నోటితో రాజకుమారి ఆశ పెడుతూ, పిలవడం మాత్రం బలికి తెచ్చిన పిల్లని పిలిచినట్టు పిలుస్తున్నాడు. రాముడికి అది ముద్దుగా వినబడుతుంది, మనకి తర్వాత ఒళ్ళు జలదరిస్తుంది. పింగళి గారు ఇది ఆలోచించే రాశారని నా గట్టి నమ్మకం.

నల్లరేగడి:
భారతంలో జరాసంధుడి పక్షాన హంసుడు, డింభకుడు అని అన్నదమ్ములున్నారు కదా, అక్కణ్ణుంచి తీసుకుని ఉండొచ్చు.

చంపకం:
అది పేరు, ఇది పిలుపు. పొసగదు.

నల్లరేగడి:
పిలుపు అంటే గుర్తొచ్చింది. రంగారావు గారు పుట్టింది 1918లో, రామారావు గారు 1923లో. ఈ సినిమా 1951 మార్చిలో విడుదలైంది. అంటే అప్పటికి రంగారావు గారికి ముప్ఫై రెండు, ఆయన డింభకా అని పిలుస్తున్న కథానాయకుడికి ఇరవై ఏడు. ఐదేళ్ళే తేడా! అయినా మనకెవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు. గుండమ్మ కథలో ఆయనకే తండ్రిగా వేస్తే అప్పుడూ రాలేదు. ఆ గొంతు వయసుని ఎలా కావాలంటే అలా మోస్తుంది. పాతాళభైరవికి ముందు ఏడే, 1950లో షావుకారులో సున్నం రంగడు వేశారు, వీధి రౌడీ. పాతరీలు గారూ, మీరడిగిన జాబితాలో నేను మొదట పెట్టేది అదే. వాడికి మంత్రాలు లేవు, కిరీటం లేదు, గద లేదు. మామూలు వీధి మనిషి. ఒకే నటుడు ఏడాది తిరక్కుండా ఈ రెండూ చేశాడంటే నమ్మశక్యం కాదు.

కంచుగొంతు:
నేనైతే నర్తనశాల. 1963. జకార్తాలో ఆఫ్రో ఏషియన్ చిత్రోత్సవంలో ఆయన్ని ఉత్తమ నటుడిగా నిలబెట్టిన పాత్ర. మాయాబజార్ ఘటోత్కచుడిలో ఆయన్ని చూసి నవ్వుకున్న పిల్లలే ఆరేళ్ళ తర్వాత కీచకుణ్ణి చూసి బెదిరి ఉంటారు. గద పట్టడం, నడవడం, చూడటం, అన్నీ బరువే. కానీ ఒకదాని బరువు ఇంకోదానికి అతకదు.

అరసున్న:
ఒక్కటే చూడాలంటే బంగారుపాప చూడండి. బి.ఎన్. రెడ్డి గారిది, 1955. పాలగుమ్మి పద్మరాజు గారి మాటలు. గాండ్రింపులు, సమాసాలు ఏమీ ఉండవు. కోటయ్య అనే మొరటు మనిషి చేతికి ఒక పసిపాప వస్తుంది, ఆ తర్వాత ఆ మనిషి కొంచెం కొంచెం మెత్తబడతాడు. అంత పెద్ద శరీరం పసిగుడ్డు ముందు ఏం చెయ్యాలో తెలియక నిలబడటం చూశాక నాకు ఆయన మిగతా పాత్రలన్నీ ఇంకోలా కనిపించాయి. చంపకం గారన్న డింభం అసలు అర్థం ఆ సినిమాలో ఆయన చేతుల్లో ఉంది.

చంపకం:
అరసున్న గారూ, ఇది మాత్రం ఎంత బాగా చెప్పారండీ.

అరసున్న:
అలాగని సకారం వదిలేశానని అనుకోకండి.

పాతరీలు:
అందరికీ ధన్యవాదాలు. నా రెండో సగం మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఆదివారం పాతాళభైరవే పెడతాను, చెవులు రిక్కించుకుని విని వచ్చి చెప్తాను.

పాతరీలు:
చూశామండీ. మీ చర్చంతా ముందే ఇంట్లో చదివి వినిపించాను. ఆ సీను దగ్గరికి వచ్చేసరికి సౌండు పెంచాను, అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది, బాబాయి పిల్లల్ని గదమాయించి నోరు మూయించాడు. తీరా రంగారావు గారు నోరు తెరిచి "సాహ..." అన్నారో లేదో, అమ్మా బాబాయీ పిల్లలూ నేనూ అందరం ఒక్కసారే ఆయనతో పాటు గట్టిగా అనేశాం. ఒకరు లభించునురా, ఒకరు దొరుకుతుందిరా. తెర మీద ఆయనేమన్నారో ఒక్కరికీ వినబడలేదు. వెనక్కి తిప్పుదామంటే బలి సీను ఆగకుండా చూడాలని పిల్లలు రిమోటు లాక్కున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ పెడతాను.

అరసున్న:
అదంతా సరే. అందరూ కలిసి గట్టిగా అన్నప్పుడు శాయరా అన్నారా, సేయరా అన్నారా?