గేట్ అనిమేలో శత్రువుకు ఆలోచన ఎందుకు ఉండదు?

గంటస్తంభం (విజయనగరం) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. 2015 జులైలో మొదలై, మధ్యలో కొంత విరామం తర్వాత 2016 మార్చిలో ముగిసిన ‘గేట్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్ ధారావాహిక) 24 ఎపిసోడ్లూ ఈ మధ్యనే చూడడం పూర్తిచేశాను. చూడనివారికి కథ క్లుప్తంగా చెబుతాను. టోక్యోలోని గింజా ప్రాంతంలో ఉన్నట్టుండి ఒక ద్వారం వెలుస్తుంది. అందులోంచి కత్తులూ బల్లేలూ పట్టిన సేనలు వచ్చి దొరికినవారిని దొరికినట్టు నరుకుతాయి. జపాన్ ఆత్మరక్షణ దళాలు ఆ సేనలను అణచివేసి, అదే ద్వారం గుండా అవతలి లోకానికి వెళ్లి అల్నస్ కొండ మీద శిబిరం వేసుకుంటాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యుద్ధాన్నే వదులుకుంటామని రాజ్యాంగంలో రాసుకున్న దేశం మరో లోకంలో సైన్యాన్ని దింపడమంటే, ఎంత ఘర్షణ పుట్టాలో ఊహించుకుని ఆశగా చూశాను. ఆ ఆశ తీరలేదు. ఫిరంగులున్నవాడు కత్తులవాణ్ని ఓడించడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ గెలుపుకు అడ్డురాకుండా ఉండడానికి కథలోని తక్కిన వారందరి బుద్ధినీ రచయిత ముందే లాగేసుకోవడమే నన్ను బాధించింది.

హకోనే వేడినీటి బుగ్గల దగ్గరి రాత్రినే చూడండి. అవతలి లోకం నుంచి వచ్చిన అతిథులను ఎత్తుకుపోవడానికి మూడు అగ్రరాజ్యాల రహస్య దళాలు ఒకే రాత్రి, ఒకే చోటికి, ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా వచ్చి, చీకట్లో ఒకరినొకరు కాల్చుకుంటాయి. మిగిలినవారిని ఆ అతిథుల్లో ఒకరైన రోరీ తన గండ్రగొడ్డలితో ముగిస్తుంది. అంతకు ముందు పార్లమెంటులో విచారణ జరుగుతుంది. అవతలి లోకంలో డ్రాగన్ దాడిలో అంతమంది శరణార్థులు ఎందుకు చనిపోయారని ప్రతిపక్ష సభ్యురాలు అడిగే ప్రశ్న, నిజానికి ఏ ప్రజాస్వామ్యంలోనైనా ఎవరో ఒకరు తప్పక అడగవలసిన ప్రశ్నే. కథ మాత్రం ఆమెను నోటిదురుసు మనిషిగా చిత్రించి, రోరీ చేత నాలుగు చీవాట్లు పెట్టించి, ఆ ప్రశ్నను అక్కడితో పూడ్చేస్తుంది.

కథానాయకుడు ఇతామి 33 ఏళ్ల బద్ధకస్తుడు, కామిక్ పుస్తకాల పిచ్చివాడు. బాగానే ఉంది, కానీ అవసరం పడ్డప్పుడల్లా అతనిలోంచి ఒక కొత్త అర్హత బయటపడుతుంది. రేంజర్ శిక్షణ పొందాడంటారు, ఆ తర్వాత ప్రత్యేక దళంలోనూ పనిచేశాడంటారు. అతను తప్పటడుగు వేస్తాడేమోనన్న భయం చూసేవారికి ఒక్కసారైనా కలగకపోతే, అతని ధైర్యానికి విలువేముంది?

ఈ లోపం సైన్యాన్నీ మాయాలోకాన్నీ కలిపే కథలన్నిటిలోనూ ఉండి తీరేదేనా, లేక ఈ ఒక్క రచనదేనా? పాత్రలు నిలబడిన ఉదాహరణలు తెలిసినవారు చెప్పగలరు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

గంటస్తంభం గారూ, నేను సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసి ఇంటికి వచ్చినవాణ్ని. మా జిల్లాలో నాలాంటివాళ్లు ఊరూరా కనిపిస్తారు. అందువల్ల ఈ అనిమేను నేను కొంత వేరే కంటితో చూశాను.

ముందు మెచ్చుకోవలసినది మెచ్చుకోవాలి. మూల నవలలు రాసిన వ్యక్తి ఒకప్పుడు ఆత్మరక్షణ దళాల్లో పనిచేశాడు, ఆ అనుభవం సామగ్రి దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. అవతలి లోకానికి వెళ్లే దళాల చేతికి కొత్త రైఫిళ్లు ఇవ్వకుండా, 1964 నాటి నమూనా రైఫిళ్లనూ 1974 నాటి నమూనా ట్యాంకులనూ ఇవ్వడం, అర్ధంతరంగా వెనక్కి రావలసి వస్తే అక్కడే వదిలేసినా నష్టం లేదన్న లెక్కతో చేసిన పని. ఇలాంటి లెక్క డిపోలో సామాను చూసినవాడికే తడుతుంది.

ఇక్కడే నాకు కోపం కూడా వచ్చింది. ఒకే ఒక్క ద్వారం, అదీ నగరం నడిబొడ్డున. తిండి, ఇంధనం, మందుగుండు, గాయపడినవారు, ఉత్తరాలు, అన్నీ ఆ ఒక్క గుమ్మం గుండానే రావాలి, పోవాలి. అది మూసుకుపోతే అవతల ఉన్నవారి గతి ఏమిటన్న దిగులు ప్రతి సిపాయికీ నిద్రలో కూడా ఉండవలసినది. పాత రైఫిళ్లు ఇచ్చినవాడు ఆ ప్రమాదాన్ని ఊహించే ఇచ్చాడు కదా! కానీ శిబిరంలో ఆ భయం ఎవరి ముఖంలోనూ కనబడదు. రచయితకు వస్తువు తెలిసినంతగా దాన్ని మోసే మనిషి తెలియలేదో, తెలిసినా చూపించడం ఇష్టం లేదో నాకు అర్థం కాలేదు.

ఇతామి కింద పనిచేసే మూడో నిఘా దళం సంగతీ అంతే. కురిబయాషి అంటే దగ్గరి పోరాటం, కురాతా అంటే పిల్లిచెవుల అమ్మాయిల మీద మోజు. వీళ్లను అంతకు మించి పరిచయం చేసుకునే అవకాశమే దొరకదు. పదిమంది ఒక బండిలో నెలల తరబడి తిరిగితే వాళ్ల మధ్య పంతాలు, అప్పులు, అలకలు, ఎవరి ఇంటి నుంచి ఏ కబురు వచ్చిందన్న ఆరాటం పుట్టకుండా ఉండవు. అధికారి ఆజ్ఞ సరైనదేనా అని లోలోపల నలిగిపోయే సిపాయి ఒక్కడైనా ఆ దళంలో ఉంటే, ఇతామి తీసుకునే నిర్ణయాలకు బరువు వచ్చేది.

వేగావతి (బొబ్బిలి):

ఆయుధాల్లో ఇంత తేడా ఉన్నప్పుడు మంచి కథ పుట్టదని ఎవరైనా అంటే, మన ప్రాంతం వాళ్లు ఒప్పుకోకూడదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద జరిగిన దాడిలో ఒక పక్కన బుస్సీ నడిపిన ఫ్రెంచి ఫిరంగులు, వాటికి తోడు విజయనగరం సేన ఉన్నాయి. మరో పక్కన ఉన్నది మట్టికోట. ఫలితం ఏమిటో వినేవారికి మొదటినుంచీ తెలుసు. అయినా బుర్రకథ చెప్పేవారు రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టగలిగారంటే, లోపల ఉన్నవారికి పేర్లూ, పట్టుదలలూ, వాటి వెనక కారణాలూ ఉండడం వల్లనే. కోట వదిలి వేరే చోటికి పొమ్మంటే బొబ్బిలి రాజు రంగారావు ఎందుకు ఒప్పుకోలేదో వినేవారికి తెలుసు. అటు విజయనగరం రాజు విజయరామరాజుకు బొబ్బిలి మీద ఎంత పాత పగ ఉందో కూడా తెలుసు. ఆ గెలిచిన రాజు తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు కనుక, గెలుపు కూడా ఉచితంగా దక్కలేదు. గంటస్తంభం గారు విజయనగరం వారు కనుక ఈ ఉదాహరణకు నొచ్చుకోరని తలుస్తాను.

ఇప్పుడు గేట్‌లో, అవతలి లోకపు ఎల్బే రాజ్యాన్ని ఏలే సామంతుడు డ్యూరన్ రాజును చూడండి. సామంత రాజుల బలం ఎక్కడ తన మీదికి తిరుగుతుందోనని అక్కడి చక్రవర్తి మోల్ట్ వాళ్ల సేనలన్నిటినీ కావాలనే అల్నస్ కొండ మీదికి పంపి, జపాన్ ఫిరంగులకు బలి చేస్తాడు. ఎంత గొప్ప రాజకీయ ఎత్తుగడ! డ్యూరన్ ఒక చేయీ ఒక కాలూ పోగొట్టుకుని, ఎవరి ఫిరంగి తన సేనను తుడిచిపెట్టిందో వాళ్ల ఆసుపత్రిలోనే బతుకుతాడు. నమ్మించి గొంతు కోసిన ప్రభువు ఒక వైపు, కాలు తీసి ప్రాణం నిలిపిన శత్రువు మరో వైపు. ఆ మంచం పక్కన ఒక ఎపిసోడ్ మొత్తం నడపవచ్చు. రచయితకు మాత్రం ఆయన అవసరం ఎల్బే రాజ్యంలోకి ఇతామి వెళ్లడానికి అనుమతి ఇచ్చేంత వరకే.

ఇటాలికా పట్టణం మీద పడ్డ దోపిడీ మూక కూడా అల్నస్ దగ్గర చితికిపోయిన సేనల శేషమే. ఓడిన సిపాయి ఇంటికి పోలేక దొంగగా మారడం చరిత్రలో ఎన్నోసార్లు జరిగింది. అలాంటివాడు ఒక్కడైనా నోరు విప్పి తన సంగతి చెప్పుకునే లోపే హెలికాప్టర్లు వాగ్నర్ సంగీతం వినిపిస్తూ వచ్చి అందరినీ కాల్చేస్తాయి. దృశ్యం హుషారుగా ఉందని నేనూ అంటాను. అయితే అది తుపాకీ పేల్చేవాడి హుషారు మాత్రమే.

ఉద్దానం కొబ్బరి (సోంపేట):

మీరు అడిగిన ఉదాహరణ నేను చెబుతాను. 2017లో వచ్చిన 12 ఎపిసోడ్ల ‘యోజో సెంకి’ అనే అనిమేలో మాయాశక్తీ సైన్యమూ రెండూ ఉన్నాయి, కథానాయిక తాన్యా కూడా అసాధారణమైన సమర్థురాలే. అయినా కృత్రిమంగా అనిపించదు. తాన్యాకు ఉన్న కోరిక ఒక్కటే, యుద్ధానికి దూరంగా వెనక కార్యాలయంలో సుఖమైన ఉద్యోగం. దానికోసం ఆమె వేసే ప్రతి తెలివైన ఎత్తూ ఆమెనే ముందు వరుసకు తోస్తుంది. కొత్త దళం ఏర్పాటు ఆలస్యం కావాలని ఎవరూ చేరడానికి సాహసించనంత భయంకరంగా ప్రకటన రాస్తే, దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడతాయి. యుద్ధ కళాశాలలో ఉండగా అంతర్జాతీయ చట్టం సందుల్లోంచి ఒక నగరం మీద ఎలా దాడి చేయవచ్చో తర్కించి రాసిన వ్యాసం, తర్వాత అరెన్ నగరం విషయంలో ఆజ్ఞగా తిరిగివచ్చి ఆమె చేతికే అందుతుంది. అక్కడ సంఘటనను తెచ్చేది పాత్ర స్వభావమే. గేట్‌లో సంఘటన ముందే సిద్ధమై ఉంటుంది, పాత్రలు వచ్చి దాని ముందు నిలబడి ఫొటో దిగుతాయి.

సిరిమాను (విజయనగరం):

మీరందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక నేను ఇటు పక్కన నిలబడతాను. జపాన్‌లో ఈ అనిమే బొమ్మలను ఆత్మరక్షణ దళాల నియామక ప్రచారంలో కూడా వాడారు. అలాంటి రచన నుంచి మీరు యుద్ధ విమర్శ ఆశిస్తే తప్పు ఎవరిది? ఆదివారం సాయంత్రం సరదాగా చూసుకునే కథను బొబ్బిలి యుద్ధం పక్కన పెట్టి తూచడం న్యాయంగా లేదు.

పైగా రెండో సగాన్ని మీరు తేలిగ్గా దాటేశారు. ట్యూలే గురించి ఒక్కరూ మాట్లాడలేదేం? అవతలి లోకంలో తన జాతిని కాపాడుకోవడానికి, చక్రవర్తి కొడుకు జోర్జాల్ యువరాజుకు తనను తాను బానిసగా అప్పగించుకుంది. అతను మాట తప్పి ఆ జాతిని నాశనం చేశాడు, బతికి బయటపడ్డవారేమో ఆమే ద్రోహం చేసిందని నమ్ముతున్నారు. అతని గదిలోనే ఉంటూ, అతని చెవిలో మాట వేస్తూ, ఒక సామ్రాజ్యాన్నే యుద్ధంలోకి లాగుతుంది. ఆమె పగకు కారణం ఉంది, పథకం ఉంది, దానికి ఆమె చెల్లించే మూల్యమూ ఉంది. ఈ పాత్రను చదునైనదని ఎలా అంటారు?

అగ్నిడ్రాగన్ వేట కూడా అంతే. డ్రాగన్ చేతిలో తండ్రి చావును ఒప్పుకోలేక మతి చెదిరిన టూకా అనే ఎల్ఫ్ (పొడవు చెవుల వనజాతి) అమ్మాయి ఇతామినే తండ్రి అనుకుంటుంది. అతను పైవారి ఆజ్ఞను కాదని, ఉద్యోగం పోయినా సరేనని బయలుదేరుతాడు. తోడు వచ్చిన చీకటి ఎల్ఫ్‌లలో చాలామంది చనిపోతారు.

గంటస్తంభం (విజయనగరం):

వేగావతి గారూ, నొచ్చుకోవడం ఏమీ లేదు. మా వీధిలో కూడా ఆ కథ విన్నవాళ్లందరూ పాపారాయుడి పక్షమే.

సిరిమాను గారూ, ట్యూలే విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ 24 ఎపిసోడ్లలో తర్వాత ఏం చేస్తుందోనని నేను నిజంగా ఎదురుచూసిన పాత్ర ఆమె ఒక్కతే. అయితే ఆమె ఎదుట ఉన్న జోర్జాల్‌ను కూడా కాస్త చూడండి. క్రూరత్వమూ మూర్ఖత్వమూ తప్ప అతనిలో ఏదీ లేదు. పక్కనున్నవాడు అంత తెలివితక్కువవాడు కావడం వల్ల ఆమె కుట్రకు పదును పెట్టుకునే అవసరమే రాలేదు. ఎదుటివాడికి కొంచెం అనుమానబుద్ధి ఉండి, ఆమె ప్రతి మాటనూ తిప్పి చూసేవాడైతే, ఆ గదిలోని సన్నివేశాలు చూస్తూ ఊపిరి బిగబట్టేవాళ్లం.

డ్రాగన్ వేటను నేనూ ఇష్టంగానే చూశాను. యావో అనే చీకటి ఎల్ఫ్ తన జాతిని డ్రాగన్ నుంచి కాపాడుకోవడానికి వేరే దారి లేక, టూకాకు తండ్రి చావును గుర్తుచేసి, ఆమె మతి చెదిరేలా చేసి, ఇతామిని కదిలించడం ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నైతికంగా చిక్కైన పని. మంచి కోసం చేసిన దుర్మార్గం అది. దానికి యావో ఎవరికి ఎలా సమాధానం చెబుతుందోనని చూస్తే, ఆమె త్వరలోనే ఇతామి చుట్టూ తిరిగే మరో అమ్మాయి అయిపోయింది. ఆజ్ఞ మీరిన ఇతామికి శిక్షతో పాటు వెంటనే సన్మానాలు కూడా వస్తాయి. నాగావళి ఒడ్డు గారూ, మీ అనుభవంలో చెప్పండి, అలా దళాన్ని వదిలి వెళ్లిన అధికారి తిరిగి వస్తే, అతని కింద పనిచేసినవారు అతనితో ఎలా మాట్లాడతారు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

నిబంధన ప్రకారమే మాట్లాడతారండి. సెల్యూట్ చేస్తారు, అడిగినదానికి జవాబు చెబుతారు. టీ తాగే చోట మాత్రం అతను రాగానే మాట మారుతుంది. ప్రాణం నిలిపాడు కనుక గౌరవిస్తారు, తమను వదిలి వెళ్లాడు కనుక నమ్మరు. ఈ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి ఉంటాయి, కొన్ని నెలలు అలాగే ఉంటాయి. కురిబయాషి, కురాతా అతన్ని చూసి రెండు నిమిషాలు అలా మౌనంగా నిలబడి ఉంటే, అంతకు ముందు ఎపిసోడ్లలో పోగొట్టుకున్నది కొంతైనా తిరిగి దక్కేది.