ఒక్క మార్కు గొడవ: పీఎస్‌ఎల్‌ఈ సైన్స్‌లో అడిగేది సైన్సా, కీవర్డ్సా?

సెంగ్‌కాంగ్ నాన్న
మావాడు ఇక్కడ సింగపూర్‌లో ప్రైమరీ 6. సెప్టెంబరు చివర్లో పీఎస్‌ఎల్‌ఈ, అంటే ప్రైమరీ చదువు చివర పెట్టే జాతీయ పరీక్ష, దాని రాతపరీక్షలు. నిన్న ప్రిలిమ్ (దానికి ముందు బడిలో పెట్టే పరీక్ష) సైన్స్ పేపరు చేతికిచ్చారు. అందులో ఒక ప్రశ్న: ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టిన కూల్‌డ్రింక్ క్యాన్ బయట కాసేపటికి నీటి చుక్కలు పట్టాయి, ఎలా వచ్చాయో వివరించు. రెండు మార్కులు. మావాడు రాసింది, "గాలిలోని నీటి ఆవిరి చల్లటి క్యాన్‌కి తగిలి నీటి చుక్కలుగా మారింది" అని. ఒకటే మార్కు వేశారు. "వేడి కోల్పోయి" అన్న ముక్క లేదట!
పన్నెండేళ్ళ పిల్లాడు ఆవిరి ఎక్కడిదో, దేనికి తగిలిందో, ఏమైందో చెప్పాడు. ఇంకేం కావాలి? మొత్తం 89 వచ్చాయి, అంటే ఏఎల్ 2 (అచీవ్‌మెంట్ లెవెల్, అంటే గ్రేడు; 1 అన్నిటికన్నా పైది). ఆ ఒక్కటీ వేసుంటే 90, ఏఎల్ 1. కడుపు మండదా చెప్పండి.

ట్యాంపనీస్ తల్లి
మా ఇంట్లోనూ ఇదే గోల అండీ. రెక్కలున్న కాయల ప్రశ్న వచ్చింది. రెక్క పొడవు, కింద పడటానికి పట్టిన సమయం టేబుల్‌గా ఇచ్చారు. పొడుగు రెక్క వల్ల మొక్కకి లాభమేంటి అని అడిగారు. మా పాప "ఎక్కువసేపు గాల్లో ఉంటుంది, దూరంగా పడుతుంది" అని రాసింది. సగం మార్కులే. తల్లి చెట్టు కిందే అన్నీ పడితే ఇరుకైపోతుంది, ఎండకీ నీళ్ళకీ పోషకాలకీ పోటీ పడాలి, దూరంగా పడితే ఆ పోటీ తగ్గుతుంది, ఇదంతా రాయాలట. దానికి తెలియక కాదు, అడిగితే గడగడా చెప్పింది. అక్కడిదాకా రాయాలని తోచలేదు, అంతే.

పాత టీచరమ్మ
నేను ఇక్కడే ప్రైమరీలో కొన్నేళ్ళు సైన్స్ చెప్పాను, కాబట్టి కాస్త ఎదురు మాట్లాడతాను, ఏమనుకోకండి.
సెంగ్‌కాంగ్ నాన్న గారూ, మీ అబ్బాయి ఏం జరిగిందో చెప్పాడు. ఎందుకు జరిగిందో చెప్పలేదు. ఆవిరి చల్లటి దానికి తగిలితే నీరెందుకు అవ్వాలి? వేడి పోయింది కాబట్టి. "వివరించు" అన్నప్పుడు రెండో మార్కు ఆ కారణానికే. "ఉష్ణం క్యాన్‌లోకి వెళ్ళిపోయింది" అని రాసినా నేనైతే మార్కు వేసేదాన్ని.
కీవర్డ్స్ బట్టీ పట్టించడంలో అసలు ప్రమాదం వేరే ఉంది. క్యాన్ ప్రశ్నకి పిల్లలంతా "చుట్టూ ఉన్న గాలిలోని వేడి నీటి ఆవిరి, చల్లటి బయటి ఉపరితలం" అని కంఠతా పట్టేస్తారు. అదే పిల్లలకి వేడి సూప్ గిన్నె మీద మూత పెట్టి, మూత లోపలి వైపు చుక్కలెలా వచ్చాయని అడగండి. క్లాసులో బోలెడుమంది "చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి" అనే రాసేవారు. ఆవిరి వచ్చింది సూపులోంచి కదా!
ఇంకోటి. వానపడ్డాక ఏసీ బస్సు అద్దానికి పొగలా పడుతుంది. లోపలా, బయటా? ఇక్కడ బయటి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది, అద్దం ఏసీకి చల్లబడుతుంది, కాబట్టి బయటి వైపే. అదే ఢిల్లీ చలికాలంలో కారు అద్దాలన్నీ మూసి కూర్చుంటే మన ఊపిరిలోని ఆవిరికి లోపలి వైపు పడుతుంది. ఏ వైపు వెచ్చని తేమ ఉందో చూసుకునే పిల్లకి రెండూ ఒకటే ప్రశ్న. బట్టీ పట్టిన పిల్లకి మాత్రం రెండోది "సిలబస్‌లో లేని ప్రశ్న".

ఓరుగల్లోడు
అన్నా, ఒక్క మార్కుకి గింత పరేషాన్ ఎందుకే? 65 నుంచి 74 దాకా ఎంతొచ్చినా ఏఎల్ 5 ఒక్కటే. 45 నుంచి 64 దాకా ఏఎల్ 6. నాలుగు సబ్జెక్టుల ఏఎల్‌లు కలిపితే స్కోరు, అన్నిట్ల మంచిగ జేస్తే 4, మరీ ఖరాబైతే 32. 2021కి ముందు టీ-స్కోర్ ఉండె, అప్పుడు పక్క పోరగానితోటి పోల్చి లెక్క కట్టేటోళ్ళు, ఒక్కో మార్కుకి కొట్లాట. గిప్పుడు గా లొల్లి తగ్గింది గద. మీ వానికి 86 వచ్చినా గదే ఏఎల్ 2.

సెంగ్‌కాంగ్ నాన్న
తమ్ముడూ, నువ్వు చెప్పేది మధ్యలో ఉన్నవాళ్ళకి. మావాడు సరిగ్గా గట్టు మీద నిలబడ్డాడు! ఏఎల్ 2 నుంచి 4 దాకా బ్యాండ్లన్నీ ఐదేసి మార్కులే. 75, 80, 85, 90 దగ్గర ఒక్క మార్కు అంటే ఒక ఏఎల్.
టీచర్ గారూ, మీ మాట కాదనను. కానీ ఆ తేడా పిల్లలకి చెప్పేదెవరు? "వివరించు" అంటే కారణం దాకా వెళ్ళాలని మావాడికి ట్యూషన్‌లోనే తెలిసింది. ట్యూషన్‌కి డబ్బు పెట్టలేని ఇంటి పిల్లాడి సంగతేంటి?

బెజవాడ బాబాయ్
మేం ఏడో తరగతి పబ్లిక్ పరీక్షకి గైడు బట్టీ కొట్టాం. ఇక్కడ గైడు బదులు కీవర్డ్ లిస్టు. సముద్రం దాటొచ్చినా మనం మారలేదు, పిల్లల్ని మారనివ్వం.
అసలు మీరంతా రాసే ప్రశ్నల మీదే పడ్డారు గానీ పేపర్లో సగానికి పైగా మార్కులు బహుళైచ్ఛికాలవే, ఒక్కోటి రెండేసి మార్కులు. అక్కడ కీవర్డ్ పనికిరాదు. ఉదాహరణకి, రాత్రంతా ఒకే గదిలో ఉంచిన స్టీలు గరిటె, చెక్క గరిటె. పొద్దున ఏది చల్లగా ఉంటుంది? ముట్టుకుంటే స్టీలుదే చల్లగా తగులుతుంది, కానీ థర్మామీటరు పెడితే రెండూ ఒకటే. స్టీలు మన చేతి వేడిని తొందరగా లాగేస్తుంది, అంతే తేడా. మా ఆఫీసులో ఇంజనీర్లని అడిగితే స్టీలే అన్నవాళ్ళున్నారు, పేర్లు చెప్పను. ఇలాంటి ప్రశ్న పెట్టినవాడికి దండం పెడతాను నేను. మీరు తిట్టండి.

కొత్తగా వచ్చాం
సారీ, మధ్యలో దూరుతున్నా. తెలుగు పిల్లలు బడిలో మదర్ టంగ్ సబ్జెక్టుగా ఏ భాష తీసుకుంటున్నారు ఇక్కడ?

ట్యాంపనీస్ తల్లి
తెలుగు లేదండీ. తమిళం, లేదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలలో ఒకటి. మా పాప హిందీ. దాని బాధ దానిది, వేరే చోట మాట్లాడుకుందాం.
టీచరమ్మ గారూ, ఒక సందేహం. పాప నోటితో తెలుగులో చెప్తే కారణాలన్నీ వస్తున్నాయి. ఇంగ్లీషులో రాయమంటే రెండు ముక్కల్లో ముగిస్తుంది. గట్టిగా చదివించాలా, రాయించాలా?

పాత టీచరమ్మ
చదివించడం కాదమ్మా, అడగండి. జవాబు రాశాక "అయితే ఏంటి?" అని ఒకసారి, "ఎందుకలా?" అని ఒకసారి. దూరంగా పడుతుంది, అయితే ఏంటి? ఇరుకు తగ్గుతుంది. అయితే ఏంటి? ఎండకీ నీళ్ళకీ పోటీ తగ్గుతుంది. ఇక అడగడానికి ఏమీ మిగలనప్పుడు ఆపండి. నోటితో వచ్చిన వరుసలోనే కాగితం మీద పెట్టమనండి, ఇంగ్లీషు వంకరగా ఉన్నా ఫరవాలేదు.
ట్యూషన్ మాట మాత్రం సెంగ్‌కాంగ్ నాన్న గారిదే నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

సెంగ్‌కాంగ్ నాన్న
ఆ మార్కు విషయంలో నా కోపం అలాగే ఉంది. ఇంతకీ రాత్రి మావాడికి సూప్ మూత ప్రశ్న ఇచ్చా. "చుట్టూ ఉన్న గాలిలోని వేడి నీటి ఆవిరి" అని మొదలెట్టాడు. "వేడి కోల్పోయి" మాత్రం ఈసారి మర్చిపోకుండా రాశాడు. ట్యూషన్ సార్‌కి ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు.