జేకబ్స్‌ని ఇంకా ఐరిష్ బిస్కెట్ అనొచ్చా?

డబ్లిన్_బాబాయ్:
ఆఫీసులో టీ టైమ్‌కి జేకబ్స్ మికాడో పెట్టారు. బిస్కెట్ మీద రెండు వరసలు గులాబీరంగు మార్ష్‌మాలో, మధ్యలో జామ్ గీత, పైన కొబ్బరి పొడి. "మా బిస్కెట్" అని ఐరిష్ కొలీగ్ మురిసిపోతుంటే నోరు ఊరుకోక "టాలా ఫ్యాక్టరీ మూతపడిందిగా!" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. 1851లో వాటర్‌ఫర్డ్‌లో జేకబ్ అన్నదమ్ములు మొదలుపెట్టిన కంపెనీ ఇది. 2009లో డబ్లిన్ శివార్లలోని టాలాలో తయారీ ఆపేశారు, సుమారు 220 మంది ఉద్యోగాలు పోయాయి. ఇంకా ఐరిష్ ఏంటి? నేను తప్పన్నానా?

గోదారోడు:
తప్పే బాబాయ్. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటులో, నాయకుల్లో ఒకడైన థామస్ మెక్‌డొనా మనుషులు ఆక్రమించుకుని కూర్చున్నది డబ్లిన్‌లోని ఈ జేకబ్స్ ఫ్యాక్టరీలోనే. లొంగిపోయిన నాలుగు రోజుల్లోపే ఆయన్ని కాల్చి చంపారు. అంత చరిత్ర ఉన్న పేరు, బట్టీ ఎక్కడుంటే ఏం?

ఎర్రమందారం:
గోదారోడు గారూ, చరిత్ర అంటే అదొక్కటేనా? 1913 లాకౌట్‌లో ఈ కంపెనీ కూడా కార్మికుల్ని గేటు బయట నిలబెట్టింది. 1911లోనే అక్కడి ఆడవాళ్లు సమ్మె చేశారు. వాళ్లలో ఒకరైన రోజీ హాకెట్ లాకౌట్ తర్వాత ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఇప్పుడు డబ్లిన్‌లో లిఫీ నది మీద వంతెనకి ఆవిడ పేరుంది. ఐరిష్ అంటే నాకు ఆవిడ. కంపెనీ కాదు.

లెక్కల_మాస్టారు:
ఓనర్ల సంగతి చూడండి. 1914లో ఇంగ్లండ్‌లో, లివర్‌పూల్ దగ్గర ఐంట్రీలో రెండో ఫ్యాక్టరీ. 1922లో ఐర్లండ్ బ్రిటన్ నుంచి విడిపోయాక కంపెనీ కూడా రెండైంది. ఐరిష్ జేకబ్స్ 1966లో బోలాండ్స్ అనే ఇంకో బిస్కెట్ కంపెనీతో కలిసింది, తర్వాత ఫ్రాన్స్ డానోన్ చేతికి వెళ్లింది. 2004లో ఫ్రూట్‌ఫీల్డ్ అనే ఐరిష్ కంపెనీ కొనడంతో మళ్లీ ఐరిష్ చేతుల్లోకి వచ్చింది. అంటే డానోన్ ఉండగా నడిచిన ఫ్యాక్టరీని సొంత దేశం వాళ్లే మూసేశారు! 2011లో వాలియో ఫుడ్స్ చేతికి వెళ్లింది, 2021లో ఆ వాలియోనే అమెరికా పెట్టుబడి సంస్థ బెయిన్ క్యాపిటల్ కొనేసింది. అటు బ్రిటన్ జేకబ్స్ టర్కీ వాళ్లది. ఒకే పేరు, ఇద్దరు యజమానులు.
ఇదే డానోన్ మన బ్రిటానియాలోనూ వాటాదారు. అందులో ఇంకో పెద్ద వాటాదారులైన వాడియాలతో గొడవపడి 2009లో బయటికి పోయింది.

గోదారోడు:
మాస్టారూ, ఆ లెక్కన చూస్తే ప్రపంచంలో ఏ బిస్కెట్టుకీ ఊరుండదు.

ఎర్రమందారం:
ఊరుంది. టాలా. పని పోయినవాళ్లు ఉన్న ఊరు.

డబ్లిన్_బాబాయ్:
మాస్టారూ, ఇదంతా మా కొలీగ్‌కి చెప్తే ఇంకో వారం మాట్లాడడు. ఇవాళ క్రీమ్ క్రాకర్ ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు, 1885 నుంచీ చేస్తున్నారట. కొరికి చూశాను. నేతిబీరకాయలో నెయ్యెంతో, ఇందులో క్రీమ్ అంత! వెన్న రాస్తేగానీ గొంతు దిగలేదు. ఆ వెన్న మాత్రం ఐరిషే, అందులో నాకు డౌటు లేదు.